నీలం రంగుది తప్పు కాదు

మూడో వడపోత కాగితాన్ని నాలుగు మడతలు వేసి గాజు గరాటులో దించి, ల్యాబక్క సీసాలోని నీలం రంగును సన్నటి ధారగా అందులోకి వంచింది. గరాటు కొసన చుక్క తయారవడానికి చాలాసేపు పట్టింది. అది జారి కింది గిన్నెలో పడేదాకా ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. చుక్కలో నలుసు లేదు. గిన్నె అడుగున మడ్డి లేదు. కాగితం మీద ఇసుకలా మిగిలిందేమీ లేదు. రెండు నెలల నుంచి ప్రతి ఉదయం ఇంతే. అయినా ఈ రంగు మాట వినడం లేదు.

రేపే పరీక్ష. నలభై మంది పిల్లలు, బయటి కాలేజీ నుంచి వచ్చే పరీక్షాధికారి ఒకాయన. మొక్క కణం ఒక మైక్రోస్కోపు కింద, జంతుకణం మరో మైక్రోస్కోపు కింద పెడతారు. పిల్లలు చూసి, బొమ్మ వేసి, భాగాలు గుర్తించాలి. ఇరవై ఆరేళ్లుగా ఆ రెండు స్లైడులూ ల్యాబక్క చేతివే.

ఆమెకు యాభై ఆరేళ్లు. సన్నటి మనిషి, కాస్త ముందుకు వంగి ఉంటుంది. ఇన్నేళ్లూ బల్లల మీదికి వంగిన వంపు అది. కుడిచేతి బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్లూ గోళ్ల మొదళ్ల దాకా నీలం. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ఆ వేళ్లు చూసి అద్దకం పనా అని అడుగుతారు. అవుననేస్తుంది. కాదంటే చాలా చెప్పాలి. మొదటి ఏడాది పిల్లలు తనను చాటుగా ఉల్లిపాయలక్క అంటారని ఆమెకు తెలుసు. ఆ మాట చెవిన పడితే విననట్టే ఊరుకుని, మర్నాడు ఆ పిల్లల చేతనే ఉల్లిపాయలు ఒలిపించేది.

జీవశాస్త్రం ల్యాబు మేడ మీద చివరి గది. మూడు పొడవాటి బల్లలు, పన్నెండు మైక్రోస్కోపులు, ఒక్కోదానికీ గుడ్డ తొడుగు. తొడుగులన్నీ ఆమె చెల్లెలు తన కుట్టుపనిలో మిగిలిన ముక్కలతో కుట్టి ఇచ్చినవి. అందుకే ఏడో నంబరుది పూల తొడుగు, పదకొండో నంబరుది చారల తొడుగు. కిటికీలు ఉత్తరం వైపు. వెలుతురు కళ్లలో పొడవకుండా బల్ల మీద పరుచుకుంటుంది. మూలన ఉన్న తొట్టి ఒకప్పుడు తెల్లది.

రంగు సీసాకు మూత బిగించి ఆమె ఉల్లిపాయ అందుకుంది. మరీ పండిపోయినదీ మరీ లేతదీ పనికిరాదు. పై పొరలు రెండు తీసేసి, మూడో రేకును చిన్న ముక్కగా విరిచి, లోపలి వంపు వైపు నుంచి వెనక్కి వంచితే టక్కున విరుగుతుంది గాని పూర్తిగా తెగదు. ఆ విరిగిన అంచున, ఉందా లేదా అన్నట్టు ఒక పొర వేలాడుతుంది. దాన్ని ఫోర్సెప్స్ తో పట్టి లాగి, గాలి తగిలి చుట్టుకుపోకముందే నీళ్లలో వేయాలి. గోరంత ముక్క కోసి, గాజుపలక మీద పరిచి, అయొడిన్ చుక్క వేసి, సూది ఆనించి పల్చటి గాజు కవర్ స్లిప్ ను ఒక పక్క నుంచి మెల్లగా వాల్చాలి. గభాలున వదిలితే బుడగలు చేరతాయి. పిల్లలు ఆ బుడగలనే కణాలనుకుని బొమ్మలు వేసేస్తారు. ఒకసారి ఒక అబ్బాయి బుడగకు కేంద్రకం కూడా గీశాడు.

ఆమె ఒక కన్ను అద్దానికి ఆనించింది. ఇటుక పేర్చినట్టు గది పక్కన గది, గోడ పక్కన గోడ. ప్రతి గదిలోనూ ఒక మూలకు నెట్టేసినట్టున్న పసుపుపచ్చ కేంద్రకం. చూడగానే ఆమె భుజాలు కొంచెం దిగాయి. ఉల్లిపాయ ఏనాడూ ఆమెను మోసం చేయలేదు.

బాధంతా రెండో స్లైడుతోనే.

జంతుకణం కోసం బజారుకు పోనక్కర్లేదు. నోరు రెండుసార్లు పుక్కిలించి, బద్దలాంటి చదును పుల్లతో బుగ్గ లోపల మెల్లగా గీకితే చాలు. ఒకప్పుడు పిల్లలే ఎవరి బుగ్గ వాళ్లు గీక్కునేవాళ్లు. పద్నాలుగేళ్ల కిందట ఒక అంటురోగం వచ్చి సగం కాలేజీ మంచాన పడ్డప్పుడు ప్రిన్సిపాలు ఆ పద్ధతి మాన్పించాడు. అప్పటి నుంచి అందరికీ ల్యాబక్క బుగ్గే. పద్నాలుగేళ్లుగా ఈ కాలేజీలో రికార్డు పుస్తకం రాసిన ప్రతివాళ్లూ జంతుకణం అని వేసిన బొమ్మ ఆమెదే. ఒకసారి బస్టాండులో పాత విద్యార్థి ఒకడు పెళ్లాన్ని తీసుకొచ్చి, ఈ అక్క బుగ్గ చూసే నేను పాసయ్యానని పరిచయం చేశాడు. ఆ అమ్మాయి మొగుడి వంక చూసిన చూపు తలుచుకుని అక్కాచెల్లెళ్లిద్దరూ వారం రోజులు నవ్వుకున్నారు.

"నీ ముఖం ఎవరూ చూడకపోతేనేం, బుగ్గ లోపల మాత్రం ఊరంతా చూసింది" అంటుంది చెల్లెలు, మిషను తొక్కుతూ.

ఇద్దరూ రెండు గదుల ఇంట్లో ఉంటారు. తండ్రి పోయినప్పుడు చెల్లెలికి పదమూడేళ్లు. అక్క సంబంధాలు చెల్లెలి చదువు అయ్యాక చూద్దామన్నారు. చదువు అయ్యేసరికి చెల్లెలు, అక్కకు కాకుండా తనకేమిటంది. అలా ఇద్దరికీ ఆ మాట పక్కనుంచి దాటిపోయింది. దాని గురించి ఇప్పుడు ఎవరికీ ఫిర్యాదు లేదు. ఈ ఉదయం గొడవ మాత్రం వేరే. అక్క కుడివైపు దవడపన్ను ఒకటి అంచు విరిగి బుగ్గకు గుచ్చుకుంటోందనీ, పీకించుకోమంటే ఇవాళ రేపు అంటోందనీ చెల్లెలు సాధిస్తోంది. పరీక్షలయ్యాక చూద్దామని ల్యాబక్క చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వచ్చేసింది.

ఇప్పుడు పుల్ల తీసుకుని కుడి బుగ్గ లోపలికి పోనిచ్చింది. ఆమెకు పని నేర్పిన పాత అటెండరు ఒకే సూత్రం చెప్పాడు: ఎప్పుడూ ఒకేచోట గీకు, చోటు మార్చావంటే పిల్లలకు ఏటికో రకం బొమ్మ వస్తుంది. ఇన్నేళ్లలో ఆమె ఆ చోటు మార్చలేదు. పుల్ల తగిలిన చోట కాస్త గరుగ్గా ఉంది, చురుక్కుమంది. బయటికి తీస్తే కొసన దారప్పోగంత ఎరుపు. పన్ను, అనుకుని మరో పుల్ల తీసింది.

గీకినదాన్ని గాజుపలక మీద నీటిచుక్కలో కలిపి, ఆరనిచ్చి, నీలం రంగు ఒక్క చుక్క వేసింది. గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ నిలబడింది. మొదట్లో రెండు నిమిషాలు ఉంచేది. రంగు ఎక్కువవుతోందని నిమిషం చేసింది. ఆ తర్వాత ముప్పావు. ఇప్పుడు అర నిమిషం. రంగు పొడి పాతదైందేమోనని కొత్త పొట్లం తెప్పించింది. కుళాయి నీళ్ల లోపమేమోనని ఆవిరి పట్టిన నీళ్లు వాడింది. సీసా మార్చింది, డ్రాపరు మార్చింది. అంచున అద్దుడు కాగితం ఆనించి మిగులు రంగును పీల్చేసి, స్లైడును అద్దం కిందికి తోసింది.

మళ్లీ అదే.

బుగ్గ కణం ఎలా ఉండాలో ఆమెకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. పల్చటి నీలపు రేకు, అంచులు అక్కడక్కడ మడతపడి, నట్టనడుమ గసగసాల గింజంత ముదురు చుక్క. గోడ ఉండదు, సన్నటి పొర మాత్రమే. అందుకే ఒక్కోటి ఒక్కో ఆకారం. కాని రెండు నెలలుగా ఈ స్లైడులో ఆ చుక్క చుక్కలా లేదు. రేకులో సగం ఆక్రమించుకుని, ఒకచోట గుండ్రంగా, ఒకచోట వంకరగా, నల్లబడి కనిపిస్తోంది. కణాలు కూడా విడివిడిగా పడక ఒకదాని మీద ఒకటి కుప్పలు పడుతున్నాయి. రంగు తగ్గించిన కొద్దీ మచ్చ పలచబడుతుందే గాని చిన్నదవదు. తడి కాగితం మీద సిరా పాకినట్టు రంగు పాకుతోందని ఆమె తేల్చుకుంది. పాకకుండా ఆపడం ఎలాగో తెలియడం లేదు.

పది గంటలకు మేడమ్ పాఠం మొదలైంది. జీవశాస్త్రం విభాగానికి ఇప్పుడు ఆవిడే పెద్ద. పద్దెనిమిదేళ్ల కిందట ఇదే ల్యాబులో రెండో బల్ల దగ్గర రెండు జడలు వేసుకుని నిలబడి, తన బుగ్గ తాను గీక్కోవడానికి భయపడి ఏడ్చిన పిల్ల. ఆ రోజు ల్యాబక్క తన స్లైడు ఇచ్చి, కళ్లు తుడుచుకో ముందు, అద్దం మసకేస్తుంది అని కసిరి బొమ్మ వేయించింది. ఆ పిల్ల తిరిగి ఉద్యోగానికి వచ్చిన రోజు నుంచి ల్యాబక్క ఆమెను మేడమ్ అనీ మీరనీ అంటోంది. మేడమ్ మాత్రం అక్కా అనే పిలుస్తుంది.

పరీక్ష ముందు చివరి పాఠం కాబట్టి అంతా మళ్లీ మొదటి నుంచి చెబుతోంది. మొక్క కణానికి పొర బయట గట్టి గోడ ఉంటుంది, జంతుకణానికి ఉండదు. లోపల కణద్రవ్యం, అందులో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు రెండింటికీ ఉంటాయి, మన అద్దాలకు ఆనవు. మొక్క కణంలో పెద్ద రిక్తిక నీళ్లు నింపుకుని కేంద్రకాన్ని మూలకు నెట్టేస్తుంది. ఉల్లిపాయా మొక్కే కదా, మరి ఆకుపచ్చ రేణువులేవని వెనక బల్ల నుంచి ఒకమ్మాయి అడిగింది. మట్టి కింద ఉండేదానికి వంటపని లేదు, ఆకులు వండింది దాచుకోవడమే దాని పని అంది మేడమ్. పిల్లలు నవ్వారు. గిన్నెలు తుడుస్తున్న ల్యాబక్క కూడా నవ్వింది, ఎడమవైపు నుంచి.

కేంద్రకం సంగతి వచ్చింది. ఇంటికి పెద్దలాంటిది, ఎప్పుడు ఏం తయారుచేయాలో, ఎప్పుడు రెండుగా విడిపోవాలో, ఎప్పుడు ఆగాలో అదే చెబుతుందని మేడమ్ చెప్పింది. ఆగమన్నా ఆగకపోతే అని ఒకడు అడిగాడు. అది పై ఏడాది పాఠమని చెప్పి ఆమె గడియారం చూసుకుంది.

పిల్లలు వెళ్లాక మేడమ్ కుర్చీ లాక్కుని రేపటి స్లైడుల ముందు కూర్చుంది. ఉల్లిపొర చూసి తల ఊపింది. రెండోది చూసి తల ఎత్తలేదు. మైక్రోస్కోపు పక్క మర తిప్పి దగ్గరచేసింది, దూరంచేసింది.

"అక్కా, ఇది పరీక్షకు పెట్టలేం" అంది చివరికి.

ఆమె కోపంగా అనలేదు. బయటివాళ్ల ముందు మాట పడటం ఇష్టం లేదనీ, రంగు ఇంతలా పాకితే పిల్లలు కేంద్రకాన్ని గుర్తించలేరనీ, ఈసారికి అచ్చేసిన ఫొటోలు పెడదామనీ మెల్లగానే చెప్పింది. ల్యాబక్క చేతిలో తుడుస్తున్న గుడ్డ ఆగిపోయింది. తన స్లైడు ఉండాల్సిన చోట ఫొటో. ఆ మాట ఆమెకు అర్థమవడానికే కొంతసేపు పట్టింది. రెండేళ్లలో పదవీ విరమణ. ఆ తర్వాత ఎవరైనా ఆమె గురించి మాట్లాడితే, చివర్లో చేయి తప్పింది పాపం అనే మాటతోనే మొదలవుతుంది.

"రంగుది తప్పు కాదు మేడమ్" అంది.

మరెవరిది అని మేడమ్ అడగలేదు. అడగకపోవడంలోనే ఉంది ఆ జవాబు. ల్యాబక్క చెంపలు వేడెక్కాయి. కావాలంటే ఇదే రంగు ఉల్లిపొరకు వేసి చూడండి అంది. అయొడిన్ పక్కన పెట్టి, నీలం రంగే, ఇదే సీసా, ఇదే డ్రాపరు, అర నిమిషం. వేసి చూపించింది. గోడలు గీత గీసినట్టున్నాయి. కేంద్రకాలు చిన్నగా, శుభ్రంగా, ఒక్కో మూలన ఒక్కోటి.

మేడమ్ చూసి కాసేపు ఆలోచించింది. మొక్క కణానికి గోడ ఉంది కదక్కా, రంగు నిదానంగా దిగుతుంది, బుగ్గ కణానికి ఉత్త పొరే కాబట్టి ఒక్కసారిగా దూసుకుపోతోందేమో అంది. ల్యాబక్కకు ఆ తర్కం నచ్చింది. నచ్చినందుకే ఒళ్లు మండింది. ఇరవై ఆరేళ్లుగా ఆ పొర అదే పొర, ఈ రంగు ఇదే రంగు. అప్పుడు దూసుకుపోనిది ఇప్పుడెందుకు పోతుంది.

"ఇంకెవరి బుగ్గన్నా గీకి చూస్తే తేలిపోతుంది" అంది.

ఇద్దరూ ఖాళీ గదిలో ఒకరినొకరు చూసుకున్నారు. మేడమ్ కు నవ్వొచ్చింది. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి, తొట్టి దగ్గర నోరు పుక్కిలించి వచ్చి, పుల్ల ఇవ్వమని చేయి చాపింది. ఈసారి ఏడవకండి, అద్దం మసకేస్తుంది అంది ల్యాబక్క. మేడమ్ తన బుగ్గ తానే గీక్కుని ఇచ్చింది.

ల్యాబక్క ఆ స్లైడును ప్రాణం పెట్టి చేసింది. చుక్క వేసింది, ముప్పై అంకెలు పైకే లెక్కపెట్టింది, అంచున కాగితం అద్దింది, తుడిచింది, అద్దం కిందికి తోసి తానే ముందు చూసింది.

పల్చటి నీలపు రేకులు. అంచుల్లో మడతలు. నట్టనడుమ గసగసాల గింజ. ఒక్కటి కాదు, చూసినంతమేరా అన్నీ అలాగే.

ఆమె ఒక్కసారిగా నిటారుగా లేచింది. రెండు నెలల బరువు దిగిపోయింది. ముఖమంతా నవ్వు.

"చూడండి మేడమ్. నేను చెప్తూనే ఉన్నా. రంగుది తప్పు కాదు, నా చేతిదీ కాదు."

మేడమ్ చూసింది. తర్వాత పక్క మైక్రోస్కోపుకు జరిగి ల్యాబక్క స్లైడు చూసింది. మళ్లీ తన స్లైడు. మళ్లీ ల్యాబక్కది. అలా నాలుగుసార్లు అటూ ఇటూ జరిగింది. ఐదోసారి ల్యాబక్క స్లైడు దగ్గరే ఉండిపోయింది.

ల్యాబక్క ఇంకా నవ్వుతూనే ఉంది. ఇప్పుడేమంటారు, ఫొటోలు మానేసినట్టేనా అని అడిగింది.

"అక్కా, మీరెప్పుడూ కుడివైపే గీకుతారా?"

ఎప్పుడూ కుడివైపేనని గర్వంగానే చెప్పింది. పాత అటెండరు చెప్పిన సూత్రం కూడా చెప్పింది. చెబుతూండగానే మేడమ్ గొంతు మారిందని తోచింది. మేడమ్ చూపు ఆమె కుడి చెంప మీద ఆగింది. ఆ చూపు చూసి ల్యాబక్క తనంతట తానే ఇంకో పుల్ల తీసుకుంది. పరీక్ష అన్నాక సగంలో ఆపకూడదు. ఈసారి ఎడమ బుగ్గ.

చుక్క. ముప్పై అంకెలు. కాగితం. కవర్ స్లిప్ ను మెల్లగా వాల్చింది. ఒక్క బుడగ రాలేదు.

ఎడమ బుగ్గ కణాలు మేడమ్ కణాల్లాగే ఉన్నాయి. ఇరవై ఆరేళ్లుగా ఆమె చూసిన కణాల్లాగే ఉన్నాయి.

మేడమ్ జరిగి చోటిస్తే ల్యాబక్క తన కుడి బుగ్గ స్లైడు మీదికి వంగింది. రెండు నెలలుగా ఆమె ఇందులో రంగునే చూసింది. ఇప్పుడు రంగును వదిలేసి చూసింది. కేంద్రకాలు పెద్దవి, నల్లవి, ఒకదాని పోలిక ఒకదానికి లేనివి. కొన్ని కణాల్లో రెండేసి. ఎవరి మాటా వినకుండా ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు. ఇవి సిరా పాకిన గుర్తులు కావు. ఇవి అలాగే ఉన్నాయి. రంగు నిజమే చెప్పింది. రోజూ చెప్పింది. తాను దాన్ని పలచన చేసింది, మూడుసార్లు వడకట్టింది, టైము తగ్గించింది.

మెట్ల మీద పిల్లలెవరో పరిగెడుతూ వెళ్లారు.

"ఏమే పిల్లా" అంది ల్యాబక్క, అద్దం మీది నుంచి కన్ను తీయకుండానే. "నువ్వు చూసిందీ నేను చూసిందీ ఒకటేనా?"

పద్దెనిమిదేళ్ల తర్వాత ఆ పిలుపు. మేడమ్ దాన్ని గమనించిందో లేదో. నోరు తెరవమని, ఫోనులోని లైటు వేసి లోపల చూసింది. విరిగిన పన్ను ఎదురుగా, గోరంత మేర తెల్లగా గడ్డకట్టిన అంచు, మధ్యలో పచ్చి ఎరుపు. లైటు ఆర్పి, ఫోను బల్ల మీద పెట్టబోయి కింద పడేసింది. తాను డాక్టరును కాననీ, పన్ను గుచ్చుకుని పుండుపడినా కణాలు ఇలా అవుతాయేమోననీ, చూపించుకుంటే గాని ఏమీ చెప్పలేమనీ గబగబా చెప్పింది. ఏ పిల్లలకూ ఆమె అంత గబగబా పాఠం చెప్పి ఎరగదు. నొప్పి ఉందా అని అడిగింది.

"పెద్దగా లేదు."

పెద్దాసుపత్రిలో మేడమ్ తో చదువుకున్న డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఆయనకు ఫోను చేసింది. స్లైడు కూడా పంపమన్నాడట. మేడమ్ కాగితం మీద నాలుగు ముక్కలు రాస్తుంటే, ల్యాబక్క పెన్సిలు అందుకుని స్లైడు అంచున ఎప్పుడూ రాసేదే రాసింది: జంతుకణం, బుగ్గ లోపలి పొర. రాశాక ఒక్క క్షణం ఆగి, కింద చిన్న అక్షరాలతో కుడి అని చేర్చింది. దూదిలో చుట్టి అట్టపెట్టెలో పెట్టి, పెట్టె చుట్టూ దారం కట్టింది. ముడి రెండుసార్లు జారింది.

చెల్లెలికి కబురు వెళ్లింది. ఆమె వచ్చేలోగా ల్యాబక్క రేపటి పని అంతా చేసింది. ఉల్లిపాయలు పన్నెండు ఏరి పక్కన పెట్టింది. గాజుపలకలు కడిగి అంచుల మీద నిలబెట్టింది. పూల తొడుగును ఏడో నంబరుకు తొడిగి, తీసి, మళ్లీ తొడిగింది. వద్దక్కా, కూర్చోండి అని మేడమ్ రెండుసార్లు అంది. కూర్చుంటే ఏం చేయాలో ల్యాబక్కకు తెలియలేదు.

"మీ బుగ్గ బాగుంది మేడమ్" అంది, మళ్లీ మీరులోకి వచ్చేసి. "రేపటికి అదే వాడండి. అర నిమిషం వద్దు, రెండు నిమిషాలు ఉంచండి. అసలు టైము అదే."

చెల్లెలు మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి వచ్చింది. కొలత టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. ఏమైంది, కింద పడ్డావా అని అక్క చేతులూ కాళ్లూ తడిమి చూసింది. ఎక్కడా దెబ్బ కనిపించకపోయేసరికి మేడమ్ వంక చూసింది. మేడమ్ చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. ల్యాబక్కే అందుకుని, పన్ను కాదటే అని మాత్రం అంది. చెల్లెలు ఆ టేపును మెడలోంచి తీసి చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

మూడు గంటల బస్సుకు ఇద్దరూ వెళ్లిపోయారు. గుమ్మం దాకా వెళ్లిన ల్యాబక్క వెనక్కి వచ్చి, తొట్టి కుళాయి కారుతోందని బిగించి వెళ్లింది.

సాయంత్రం గది తాళం వేయబోతూ మేడమ్ కు కిటికీ మూలన, కడిగిన గిన్నెల వెనక, స్టీలు అన్నం డబ్బా కనిపించింది. మధ్యాహ్నం ఎవరికీ తిండి గుర్తురాలేదు. రాత్రికి పాడవుతుందని, కడిగి పెడదామని మూత తీసింది. అన్నమూ బంగాళాదుంపా కలిపి మెదిపింది. మెతుకు అన్నది కనపడకుండా, పళ్లు రాని పాపకు పెట్టేటంత మెత్తగా, చెంచా వెనకతో నున్నగా చదును చేసి ఉంది. మేడమ్ డబ్బా బల్ల మీద పెట్టింది. తర్వాత చెల్లెలికి ఫోను చేసి, ఎన్నాళ్ల నుంచి ఇలా అని అడిగింది.

"నాలుగు నెలల నుంచి" అంది చెల్లెలు. "పన్నే అనుకున్నాం మేడమ్."

పరీక్ష బాగానే జరిగింది. బయటి నుంచి వచ్చినాయన జంతుకణం దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడి, రంగు చాలా శుభ్రంగా పట్టింది, ఎవరు చేశారని అడిగాడు. మా ల్యాబక్క అని చెప్పింది మేడమ్. ఆసుపత్రిలో కోతా అయింది, బుగ్గకు రేడియేషన్ కరెంటూ పెట్టారు. కొత్త ఏడాది పిల్లలు వచ్చి, ఎవరో కొత్తావిడ చేతిలోంచి మొదటి ఉల్లిపొర అందుకునే నాటికి ల్యాబక్క పోయి పదకొండు రోజులు.

మేడమ్ డబ్బా తిరిగి ఇవ్వడానికి వెళితే చెల్లెలు తీసుకోలేదు. ఒక్క మనిషికి రెండు డబ్బాలెందుకు, అక్కడే ఉండనివ్వండి అంది.

అది ఇప్పుడు ల్యాబు అలమారలో, గాజు గిన్నెల పక్కన ఉంది. తళతళలాడేలా తోమి, వాసన పట్టకుండా మూత బిగించక కొద్దిగా పక్కకు జరిపి పెట్టి ఉంది.